మందుపొగ లేకుండా శెనక్కాయల నిల్వ

గింజను పండించడం గురించి వ్యవసాయ గ్రంథాలలో జరిగినంత చర్చ దానిని దాచుకోవడం గురించి జరగలేదు. బాదం, జీడిమామిడి, అక్రోటు వంటి చెట్టుకాయల పప్పు అయినా, నేలలో ఊరే వేరుశనగ అయినా, కోత ముగిసిన నాటి నుంచి తినే నాటి వరకు లేదా విత్తే నాటి వరకు పురుగు చేసే నష్టం, పొలంలో చీడలు చేసే నష్టంలా కంటికి కనిపించేది కాదు. సంచి కుట్టు విప్పిన రోజునే అది బయటపడుతుంది, అప్పటికి చేయగలిగిన పని దాదాపు ఏమీ మిగిలి ఉండదు. ఈ నష్టానికి గత శతాబ్దంలో ఎక్కువగా వాడుకలోకి వచ్చిన విరుగుడు ధూమీకరణం, అంటే మూసి ఉంచిన సరుకులోకి విషవాయువును వదిలి పురుగును చంపే పద్ధతి. ఆ వాయువు లేకుండానే గింజను కాపాడడం ఎంతవరకు సాధ్యమో, కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పంటను ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ ప్రాంతంలో జీడితోటలు గాని, బాదం తోటలు గాని లేవు. పులివెందుల దాపున వేముల మండలంలోని తుమ్మలపల్లె పరిసరాల ఎర్రనేలల్లో నూనెగల గింజ అంటే వేరుశనగే. ఇక్కడి జనం దానిని శెనక్కాయలు అంటారు. వృక్షశాస్త్ర రీత్యా వేరుశనగ చెట్టుకాయ కాదు, కంది, పెసర కుటుంబానికి చెందిన పప్పుజాతి మొక్క. కాని పురుగుకు ఆ వర్గీకరణతో పని లేదు. నూనె, మాంసకృత్తులు నిండిన పప్పు, నెలల తరబడి కదలకుండా ఉండే సరుకు, ఈ రెండూ దొరికినచోట బాదానికి పట్టే చిలుకపురుగు, జీడిపప్పుకు పట్టే ఎర్ర పిండిపురుగు, వేరుశనగకు పట్టే పుచ్చుపురుగు ఒకే తీరున స్థిరపడతాయి. అందుచేత కాలిఫోర్నియా అక్రోటు గురించి తెలిసిన విషయం తుమ్మలపల్లె శెనక్కాయకు, శెనక్కాయ గురించి తెలిసిన విషయం పలాస జీడిపప్పుకు చాలావరకు వర్తిస్తుంది.

వేరుశనగ కాయను నిల్వలో తొలిచే పురుగులలో ప్రధానమైనది పుచ్చుపురుగు. శాస్త్రజ్ఞులు దీనిని కేరియెడాన్ సెర్రేటస్ అంటారు. ఇది గోధుమరంగులో, సుమారు 7 మిల్లీమీటర్ల పొడవు ఉండే పెంకుపురుగు. వెనుక కాళ్ల తొడలు లావుగా, లోపలి అంచున దువ్వెన పళ్ల వంటి ముళ్లతో ఉండడం దీని గుర్తు. తల్లి పురుగు కాయపై పెంకుకు గుడ్డును అంటించి వదులుతుంది. గుడ్డులోని పిల్లపురుగు బయటి గాలిని చూడకుండానే గుడ్డు అడుగు నుంచి నేరుగా పెంకును తొలిచి లోపలికి చేరి, పప్పును తింటూ పెరుగుతుంది. ఎదిగిన తరువాత కాయకు గుండ్రని రంధ్రం చేసుకొని బయటకు వచ్చి, కాయను అంటిపెట్టుకొని గాని, సంచుల సందుల్లో, కుప్ప అడుగున గాని కాగితం వంటి పలుచని గూడు అల్లుకుంటుంది. కొత్త పెంకుపురుగు వెలువడేసరికి వాతావరణాన్ని బట్టి ఒకటిన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఈ క్రమంలో గమనించవలసిన అంశం ఒకటుంది: మొదటి తరం పురుగు పప్పును తింటున్న కాలంలో సంచి పైకి పూర్తిగా ఆరోగ్యంగా కనిపిస్తుంది, గూళ్లు కనిపించే నాటికి రెండో తరం గుడ్లు అప్పటికే అంటుకొని ఉంటాయి.

ఈ పురుగు అసలు నివాసం శెనక్కాయ కాదు, చింతకాయ. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి ఈ దేశానికి వచ్చిన పంట. పుచ్చుపురుగు అంతకు ఎంతో ముందు నుంచి చింత వంటి చెట్ల కాయలలోని గింజలను తింటూ బతికినది. కొత్తగా వచ్చిన పంట దానికి అనువైన ఆహారంగా అమరడంతో, చింతగింజ నుంచి వేరుశనగ పప్పుకు అది తేలికగా మారింది. ఆఫ్రికాలోనూ ఇదే జరిగింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలోనే సెనెగల్ వేరుశనగ నిల్వలలో ఈ పురుగు సమస్యగా నమోదైంది. కడప జిల్లా పంటల కాలపట్టికతో కలిపి చూసినప్పుడు ఈ సంగతికి ఆచరణలో ఎంతో విలువ ఉంది. చింతకాయ పండి రాలే కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. బోరుబావుల కింద వేసిన రబీ వేరుశనగ పీకి, కాయ కోసి, కళ్ళంలో ఆరబెట్టే కాలం మార్చి, ఏప్రిల్ నెలలు. ఎండ తాళలేక మనుషులు, పశువులు చింతచెట్టు నీడకు చేరడం, కాయల కుప్పను కూడా ఆ నీడ పక్కనే పోయడం సహజంగా జరిగే పని. రాలిన చింతకాయల్లో నుంచి వెలువడిన పురుగు కొద్ది దూరంలోనే ఆరుతున్న శెనక్కాయల మీద గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లతోనే కాయలు గోతాల్లోకి, గోతాలు ఇంట్లోకి చేరతాయి. పురుగు నిల్వగదిలో పుట్టిందని భావించి గదికి మందు కొట్టే రైతు, దానిని కళ్ళం నుంచి తానే మోసుకువచ్చిన సంగతి గుర్తించకపోవడం వల్ల ఏటా అదే ఖర్చు పెడుతున్నాడు. కళ్ళాన్ని చింతచెట్టుకు వీలైనంత దూరంగా చేయడం, ఆరుతున్న కుప్పను సాయంత్రం వేళ పలుచని గుడ్డతో గాని వలతో గాని కప్పడం, పాత చింతపండు, చింతగింజలు ఉన్న గదిలో కొత్త కాయలు దించకపోవడం, వీటికి దాదాపు ఏ ఖర్చూ లేదు. ఏ మందూ వీటికి సాటి రాదు.

పప్పుగా ఒలిచిన తరువాత శత్రువులు మారతారు. ఎర్ర పిండిపురుగు, బియ్యపు చిలుకపురుగు పగలని శెనక్కాయ పెంకును తొలచలేవు, కాని ఒలిచిన పప్పులో, ముఖ్యంగా యంత్రంలో నలిగి చిట్లిన పప్పులో వేగంగా పెరుగుతాయి. పప్పులు ఒకదానికొకటి అంటుకొని బూజులా దారాలు అల్లుకొని కనిపిస్తే అది చిలుకపురుగు పిల్లల పని. ఈ బియ్యపు చిలుకపురుగునే వ్యవసాయశాఖవారి జీవనియంత్రణ ప్రయోగశాలల్లో జొన్న, సజ్జ నూకలతో, కొంత వేరుశనగ పప్పు పొడితో పనిగట్టుకొని పెంచుతారన్నది కొంత వింతగా తోచే విషయం. దాని గుడ్ల మీద ట్రైకోగ్రామా అనే అతి చిన్న పరాన్నజీవి కందిరీగను పెంచి, ఆ గుడ్లను అట్టలకు అంటించి చెరకు, వరి పొలాలకు పంపుతారు. శత్రువుకు ఏ ఆహారం అత్యంత ప్రీతికరమో అక్కడి వంటపట్టికే చెబుతుంది. సరుకును కాయగానే దాచి, అవసరమైనంత మేరకు, అవసరమైనప్పుడే ఒలవడం ఈ రెండు పురుగుల విషయంలో పెద్ద రక్షణ. పెంకు మొక్క తన గింజకు తానే కట్టిన గోడ, దానిని ముందుగా పడగొట్టి తరువాత మందు వెతుక్కోవడంలో అర్థం లేదు.

ధూమీకరణకు రెండు వాయువులు ప్రసిద్ధం. మొదటిది మిథైల్ బ్రోమైడ్. భూమికి రక్షణగా ఉన్న ఓజోన్ పొరను ఇది దెబ్బతీస్తుందని తేలడంతో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని 1992లో సవరించి దీనిని నియంత్రణలోకి తెచ్చారు. సంపన్న దేశాలు 2005 నాటికి, వర్ధమాన దేశాలు 2015 నాటికి, ఎగుమతి దిగుమతుల తనిఖీకి సంబంధించిన అవసరాలను మినహాయించి, దీని వాడకం మానవలసి వచ్చింది. మిగిలినది ఫాస్ఫీన్. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలకు గాలిలోని తేమ తగిలినప్పుడు ఈ వాయువు వెలువడుతుంది; పల్లెల్లో సెల్ఫాస్ బిళ్లలుగా తెలిసినవి ఇవే. దీనికి విరుగుడు మందు లేదు. అందుకే మన దేశంలో ఈ బిళ్లల వాడకం ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే చీడనివారణ సంస్థలకు మాత్రమే పరిమితమని నిబంధన. గాలి చొరని విధంగా కప్పి, తగినన్ని రోజులు ఉంచినప్పుడే గుడ్డు, గూటిదశలతో సహా పురుగు చస్తుంది. చిరిగిన టార్పాలిన్ కింద అరకొరగా పట్టించిన వాయువు బలహీనమైన పురుగులను చంపి బలమైనవాటిని మిగిల్చుతుంది, ఎర్ర పిండిపురుగు వంటివి ఈ విధంగానే అనేక దేశాలలో ఫాస్ఫీన్‌కు లొంగని తరాలను తయారుచేసుకున్నాయి. పైగా ఈ వాయువు సరుకు మీద నిలిచి ఉండేది కాదు, కప్పు తీసిన మర్నాడే కొత్త పురుగు వచ్చి గుడ్లు పెట్టవచ్చు. పెద్ద గోదాముకు ఇది నేటికీ ఉపయోగపడే సాధనమే, దానిని కాదనవలసిన పని లేదు. మనుషులు నిద్రించే ఇంటిలో, రెండు గదుల మధ్య దూలం కింద పేర్చిన గోతాలకు మాత్రం ఇది తగినది కాదు.

విషవాయువును లోపలికి పంపడానికి బదులు, ఉన్న ప్రాణవాయువును లేకుండా చేయడం రెండో మార్గం. రాయలసీమకు ఈ సూత్రం కొత్తది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి పల్లెలలో జొన్నలను పాతరలలో దాచిన కాలం ఉంది. నేలలో లోతుగా తవ్విన గుంటకు చుట్టూ గడ్డి పరచి, గింజ నింపి, పైన మళ్లీ గడ్డి వేసి, బండ మూసి మట్టితో మెత్తితే, లోపలి గింజా పురుగూ కలిసి పీల్చే శ్వాసతోనే ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు వాయువు పెరిగేది, పురుగు ఊపిరాడక చచ్చేది. పాతర తెరచిన వెంటనే మనిషిని దించకుండా ముందు దీపాన్ని దించి చూసే ఆచారం ఈ కారణం వల్ల ఏర్పడింది. దీపం ఆరిపోతే లోపల మనిషి బతకడు, పురుగు కూడా బతికి ఉండదు. అయితే పాతర జొన్నకు సరిపడినట్లు శెనక్కాయకు సరిపడదు, నేలలోని చెమ్మ పీల్చుకొని నూనెగింజకు బూజు పట్టడం తేలిక. ఆ బూజులో ఒక జాతి, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనేది, అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో పెద్దసంఖ్యలో టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటికి దాణాగా వేసిన వేరుశనగ పిండిలోనే ఈ విషం తొలిసారి బయటపడింది. పురుగు తొలిచిన రంధ్రం ఈ బూజుకు ద్వారం కూడా అవుతుంది, అందువల్ల పురుగును ఆపడం కేవలం తూకం కాపాడుకునే విషయం కాదు.

పాతర సూత్రాన్ని నేల మీదికి తెచ్చినది మూడు పొరల సంచి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్ బృందం 1980ల చివర కామెరూన్ దేశంలో అలసంద గింజల కోసం దీనిని రూపొందించింది. లోపల ఒకదానిలో ఒకటిగా దళసరి పాలిథీన్ సంచులు రెండు, పైన మామూలు ప్లాస్టిక్ గోతం ఒకటి. లోపలి సంచులను నింపి, గాలిని నొక్కి బయటకు పంపి, మూతిని మెలివేసి మడిచి దేనికదిగా బిగించి కట్టడమే దీనిలోని పరిజ్ఞానమంతా. లోపలి పురుగు ఉన్న ప్రాణవాయువును కొద్ది రోజుల్లోనే వాడేసుకుంటుంది, అది బాగా తగ్గాక తినడం మానుతుంది, కదలిక తగ్గుతుంది, సంతతి ఆగుతుంది. తరువాతి కాలంలో మర్డాక్ బృందమే తేల్చిన విషయం ఇంకొకటి ఉంది: ఎండిన గింజలో పురుగుకు తాగే నీరు ఉండదు, ఆహారాన్ని ప్రాణవాయువుతో దహించుకొన్నప్పుడు శరీరంలో పుట్టే నీటితోనే అది బతుకుతుంది, ప్రాణవాయువు లేకపోతే ఆ నీరు కూడా పుట్టదు, కాబట్టి అది ఊపిరాడక చావడంతోపాటు దాహంతోనూ చస్తుంది. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఈ సంచులను ప్రత్యేకించి వేరుశనగ కాయల మీద, ఇదే పుచ్చుపురుగు మీద పరీక్షించి, 2015లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సంచులలో పురుగు విస్తరించగా మూడు పొరల సంచులలో అది అణగిపోయింది. జమ్మలమడుగు నల్లనేలల్లో పండే బుడ్డశనగకు, కందికి కూడా ఈ సంచి అంతే చక్కగా పనిచేస్తుంది.

అయితే ఈ సంచి తడిని ఆరబెట్టలేదు, లోపల బంధించగలదు అంతే. కాబట్టి కాయ సంచిలోకి వెళ్లేనాటికి పప్పులో తేమ 8 శాతానికి మించకూడదు. తేమమాపకం లేని ఇంట కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపలి పప్పు గలగలమనడం, పప్పును వేళ్ల మధ్య నలిపితే పొట్టు తేలికగా ఊడి రావడం రైతులకు తెలిసిన గుర్తులే. తాలుకాయలు, పగిలిన కాయలు, మట్టి, కట్టెముక్కలు ఏరివేయడం కూడా తప్పదు, ఎందుకంటే మొనదేలిన కట్టెముక్క గుచ్చుకుంటే పాలిథీన్ చిల్లుపడుతుంది, చిల్లుపడిన సంచి మామూలు సంచితో సమానం. ఎలుక కూడా అంతే నష్టం చేస్తుంది. ఏ వారానికా వారం మూతి విప్పి నాలుగు చారెలు తీసుకొనే ఇంటికి ఈ పద్ధతి ఫలించదు. ఇంటి ఖర్చుకు వేరే డబ్బా పెట్టుకొని, దాచిన సంచిని విప్పకుండా ఉంచాలి. పెట్టుబడి దృష్ట్యా ఆలోచించినా, ఎకరానికి సుమారు 60 నుంచి 80 కిలోల విత్తనపు పప్పు కావలసిన పంటలో, కదిరి-6 వంటి రకం విత్తనాన్ని ఏటా కొనడం, రాయితీ విత్తనం కోసం వరుసలో నిలబడడం కన్నా, జాగ్రత్తగా వాడితే మళ్లీ మళ్లీ పనికివచ్చే ఈ సంచి కొనడం తక్కువ ఖర్చుతో తీరే పని.

ఇదే సూత్రాన్ని పరిశ్రమ తన స్థాయిలో ఎప్పటినుంచో వాడుతున్నది. జీడిపప్పు శుద్ధికి పేరుపొందిన పలాస వంటి కేంద్రాలున్న ఈ వ్యాపారంలో ఎగుమతి పప్పును 25 పౌండ్ల, అంటే 11.34 కిలోల తగరపు డబ్బాలలో నింపి, లోపలి గాలిని లాగివేసి బొగ్గుపులుసు వాయువు నింపి మూయడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. ఇప్పుడు ఆ డబ్బాల స్థానంలో గాలి తీసి నత్రజనిని, బొగ్గుపులుసు వాయువును నింపే దళసరి సంచులు వచ్చాయి. ఖరీదైన పప్పు మీద విషపు అవశేషం ఉండకూడదని కొనుగోలుదారు పట్టుబట్టిన చోట వ్యాపారి మార్గం కనిపెట్టాడు. తన పొలం గింజను తానే తినే రైతుకు ఆ శ్రద్ధ అంతకన్నా ఎక్కువ అవసరమని వేరే చెప్పనక్కరలేదు.

వేడి మరొక సాధనం. నిల్వపురుగులలో అధికభాగం 50 డిగ్రీల వేడిని గంటలకొలది, 55 డిగ్రీల వేడిని నిమిషాలకొలది కూడా తట్టుకోలేవు. అమెరికాలో అక్రోటు కాయలను రేడియో తరంగాలతో లోపలి నుంచి 55 డిగ్రీలకు వేడిచేసి కొద్ది నిమిషాలు ఉంచితే లోపలి పురుగు పూర్తిగా చస్తుందని ప్రయోగాలు చూపాయి. కడప ఎండకు అంతటి యంత్రం అక్కరలేదు. నల్లని పాలిథీన్ పట్టా మీద గింజను పలుచగా పరచి, పైన పారదర్శకమైన పట్టా కప్పి, అంచులకు ఇసుక పోసి మూస్తే వేసవి ఎండకు లోపలి వేడి పురుగు హద్దును దాటుతుంది. కందిలో పుచ్చును ఈ పద్ధతితో ఆపవచ్చునని ఇక్రిశాట్ పరిశోధకులు నిరూపించారు. శెనక్కాయ విషయంలో మాత్రం ఇక్కడ జాగ్రత్త కావాలి. తీవ్రమైన ఎండ తగిలిన వేసవి వేరుశనగకు మొలకశక్తి త్వరగా నశిస్తుంది కాబట్టి విత్తనానికి దాచే కాయను ఈ పద్ధతికి పెట్టనే కూడదు, గాలి ఆడే నీడలో నిదానంగానే ఆరబెట్టాలి. నూనెకు, తిండికి పోయే కాయకే ఇది పరిమితం, అదీ ఎక్కువసేపు ఉంచకుండా, ఎందుకంటే అతివేడికి నూనె ముక్కిపోతుంది.

వేపాకు, వావిలాకు, కానుగ నూనె, వసకొమ్ము పొడి వంటివాటి మీద పల్లెల్లో ఉన్న నమ్మకం పూర్తిగా నిరాధారం కాదు. వేపనూనె, కానుగనూనె పట్టించిన కాయల మీద పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. కాని అవి తగ్గించేవే తప్ప ఆపేవి కావు, ఆకులు ఎండిన కొద్దీ వాటి ప్రభావం కూడా సన్నగిల్లుతుంది. వసకొమ్ము బలమైనదే అయినా దానిలోని ఆసరోన్ అనే పదార్థం మనిషి ఆరోగ్యానికి మంచిది కాదు గనుక దానిని విత్తనానికే వాడాలి, తినే గింజకు కూడదు. సహజమైనదంతా నిరపాయమైనదన్న భావన ఈ విషయంలో నిలవదు.

తుమ్మలపల్లె పేరు దేశమంతటా వినిపించేది వేరుశనగ వల్ల కాదు, అక్కడి యురేనియం గని, శుద్ధి కర్మాగారం వల్ల. అందుచేత వికిరణంతో పురుగును చంపే పద్ధతిని గురించిన ప్రస్తావన ఆ ప్రాంతంలో అనుమానంతో వినబడడం సహజం. మన దేశంలో ఆహారపదార్థాలకు వికిరణ చికిత్స 1990ల నుంచి చట్టబద్ధం. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో భాభా అణుపరిశోధన కేంద్రం నెలకొల్పిన కృషక్ కర్మాగారం ఇందుకు ప్రసిద్ధం. ఈ చికిత్సలో వాడేది సాధారణంగా కోబాల్ట్-60 అనే మూలకరూపం నుంచి వెలువడే గామా కిరణాలు. అది అణురియాక్టరులో మామూలు కోబాల్టు నుంచి తయారవుతుందే తప్ప ఏ గనిలోను దొరికేది కాదు. ఎండుగింజలలో పురుగుకు అనుమతించిన మోతాదు, వికిరణాన్ని కొలిచే ప్రమాణంలో, ఒక కిలోగ్రే లోపే, అంటే పురుగును వంధ్యం చేయడానికో చంపడానికో సరిపడేంత; ఆ కిరణాలు గింజ గుండా సాగిపోతాయి, గింజను రేడియోధార్మికం చేయవు. అయితే ఇది పెద్ద వ్యాపారికి అందే సౌకర్యం. నలభై సంచుల రైతుకు దాని మాట వినడం తప్ప వాడుకొనే వీలు లేదు.

ఇంటి వంటగదిలోని బాదం, జీడిపప్పు, ఒలిచిన వేరుశనగ పప్పుల సంగతి తేలికగా తేలిపోతుంది. వేడి బాగా తగ్గితే పురుగు ఎదుగుదల ఆగుతుంది, గట్టి మూత ఉన్న సీసాలో పోసి ఫ్రీజరులో సున్నా కింద 18 డిగ్రీల వద్ద వారం రోజులు ఉంచిన పప్పులో గుడ్లు కూడా మిగలవు. ఆ తరువాత సీసాను బయట పెట్టుకుంటే చాలు. సీసాను తెరిచే ముందు అది గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే పప్పు మీద చెమ్మ చేరుతుంది.

ఇక రాబోయే కోతకు రైతు శ్రోతలు చేయవలసిన ఏర్పాటు కాయ కళ్ళానికి చేరక ముందే జరగాలి. మూడు పొరల సంచులు ముందుగా సమకూర్చుకొని, పాత గోతాలను వేడినీళ్లలో ముంచి ఎండకు ఆరబెట్టి, నిల్వగది గోడల పగుళ్లు పూడ్చి, పోయినేటి కాయ అడుగూబొడుగూ ఊడ్చి బయటపెట్టాలి. విత్తనపు కాయను నీడలో ఆరబెట్టి, గలగలమన్నాక సంచి కట్టి, విత్తే నాటి వరకు విప్పవద్దు. ఇంట్లో సెల్ఫాస్ బిళ్లలు ఉంటే వాటిని కాయల సంచుల్లో వేయవద్దు. వాటిని తాకకుండా, తడి తగలకుండా ఉంచి, మండల వ్యవసాయ అధికారికి తెలియజేయండి.